ముందే కట్టిన ఫ్లెక్సీ

కండక్టరమ్మ బస్సు ఆపలేదు.

తొర్రూరు దాటినప్పటి నుంచి హీర్యా సంచి ఒళ్ళో పెట్టుకుని దిగడానికి తయారుగా కూర్చున్నాడు. కిటికీ పక్కన కొడుకు హరీశ్ సీటుకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వరంగల్ దవాఖానలో ఉండి ఉండి పిల్లవాడి మెడ సన్నబడింది. చొక్కా కాలరు దాని చుట్టూ ఖాళీగా నిలబడి ఉంది. తండా స్టేజీ దగ్గర పడగానే హీర్యా లేచి, "జర ఆపుండ్రి అమ్మా" అన్నాడు.

తలుపు దగ్గర ఉన్న కండక్టరమ్మ బయటికి చూసింది. వెనక్కి తిరిగి హరీశ్ ముఖం చూసింది. మళ్ళీ బయటికి చూసింది. అంతే, "రైట్, పోనీ!" అని కేక వేసింది. నెమ్మదించిన బస్సు మళ్ళీ వేగం అందుకుంది.

"అమ్మా, మా స్టేజీ పాయె గదా!"

"పోనియ్యన్నా. ముందటి మోరీ కాడ ఆపుత."

"ఆడికెల్లి ఎన్కకు నడ్వాలె. పోరనికి పానం బాగలేదమ్మా."

"ఎన్కకు ఎందుకు నడుస్తవ్? చేన్లకెల్లి అడ్డంబడి పో. మీ తండా దగ్గర్నే పడ్తది."

ముందు సీటాయన నవ్వాడు. "ఆమెది ఆమెకే ఇష్టం. సర్కారు బస్సు గాదు, సొంత బండి."

మోరీ దగ్గర, రోడ్డు కింది తూము పక్కన, బస్సు ఆగింది. కండక్టరమ్మ తనే ముందు దిగి, హీర్యా చేతిలో సంచి అందుకుంది. హరీశ్ మెట్టు దిగుతుంటే మోచేయి పట్టుకుంది. "పైలం బిడ్డా" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె పిల్లవాడి ముఖంలోకి చూడలేదు. హీర్యాకు లోపల మండింది. ఎండలో చేనుగట్ల మీద కొడుకును నడిపిస్తూ, ఆమెను తిట్టుకుంటూనే ఇల్లు చేరాడు.

ఇంటి ముందు భార్య కమ్లీ చెంబుతో నీళ్ళు పెట్టుకుని నిలబడి ఉంది. కొడుకు కాళ్ళు తనే కడిగింది. ఏమీ అడగలేదు. అడగకూడదని హీర్యా ముందే ఫోన్లో చెప్పాడు.

దవాఖాన నుంచి పంపేముందు డాక్టరమ్మ సునంద హీర్యాను ఒక్కణ్ణే వరండాలోకి పిలిచింది. అతను చేతులు కట్టుకుని నిలబడితే, ముందు కూర్చోమంది. "ఒక్కణ్ణి ఇడిసిపెట్టకు. ఇంట్ల చేనుమందు డబ్బాలు ఉంచకు. ఎందుకు చేసినవ్, ఎందుకు చేసినవ్ అని పీక్క తినకు. ఒక్కటే కారణం ఉండదు, వానికి గూడ తెల్వది. ఇంకోటి విను. 'నీకింక సావాలనిపిస్తుందా బిడ్డా' అని సూటిగ అడుగు. అడిగితే లేని ఆలోచన పుడ్తదని భయపడకు. పుట్టదు. చెప్పుకునేటందుకు ఒక మనిషున్నడని తెలుస్తది, గంతే. మళ్ళ తీస్కరా, ఇసొంటియి చూసే డాక్టరుకు చూపిస్త."

మొదటి మూడూ హీర్యా చేయగలిగాడు. రాత్రుళ్ళు కొడుకు మంచానికి అడ్డంగా గడపలో పడుకున్నాడు. మిరప తోటల కాలం కాబట్టి తండాలో ప్రతి మంచం కింద, ప్రతి చూరు సందులో మందు డబ్బాలున్నాయి. కమ్లీ గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. కొందరు గునిశారు. "నీ కొడుకు చేసిండని మేమంత మందు దాసుకోవాల్నా?" అని ఒకామె అన్నది. కమ్లీ గంప దించకుండానే, "నీకు గూడ ఇద్దరున్నరు గదనే" అంది. ఆమె లోపలికి వెళ్ళి డబ్బాలు తెచ్చి గంపలో పెట్టింది. తండా నాయక్ మాన్‌సింగ్ తన సిమెంటు గది ఖాళీ చేసి, అన్నీ అందులో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇక మందు కావాలంటే ఎవరైనా పగటిపూట వచ్చి ఆయన్ను అడగాల్సిందే.

నాలుగో మాట మాత్రం హీర్యా గొంతు దాటలేదు. పక్కన కూర్చుంటాడు. నోరు తెరుస్తాడు. "అన్నం తిన్నవా?" అని వస్తుంది.

ఇల్లు చేరిన మర్నాడే హీర్యా దవాఖానవాళ్ళు రాసిన గోలీలు తేవడానికి మరిపెడ బయలుదేరాడు. స్టేజీ దగ్గర బస్సు కోసం నిలబడి, ఊరకే తల పైకెత్తాడు.

రెండు వెదురు గడల మధ్య హరీశ్ ఉన్నాడు.

తెల్లచొక్కా వేసుకుని, తల పక్కకు దువ్వుకుని, ఎటో దూరంగా చూస్తున్నాడు. ఫోటో చుట్టూ పూలదండ అచ్చువేశారు. కింద వెలుగుతున్న దీపం. ఇంకా కింద వరసగా మనుషుల ఫోటోలు. వాటిలో అన్నిటికన్నా పెద్దది గోవర్ధన్ పటేల్‌ది, హరీశ్ కన్నా పెద్దది. ఆయన రెండు చేతులూ జోడించి, దారినపోయే బస్సులకు దండం పెడుతున్నాడు.

అక్షరాలు కూడబలుక్కోవడం హీర్యాకు వచ్చు. కానీ అప్పుడు కళ్ళు ఆనలేదు. స్టేజీలో చాయ్ హోటలు నడిపే సోమనర్సయ్య వైపు తిరిగాడు. "ఏమున్నదన్నా గిండ్ల?"

సోమనర్సయ్య పొయ్యిలో లేని నిప్పును ఎగదోశాడు. "ఏమున్నది. పేరున్నది."

"సద్వు."

"ఎందుకే హీర్యా."

"సద్వన్నా."

"తెలంగాణ అమరవీరుడు హరీశ్ నాయక్‌కు జోహార్లు." అక్కడితో ఆపాడు. కింద పుట్టిన తేదీ ఉంది. దాని పక్కన ఇంకొక తేదీ ఉంది. అది చదవలేదు. హీర్యా మాత్రం ఆ అంకెలు తనే చూసుకున్నాడు. ఆ రోజు హరీశ్ దవాఖానలో కళ్ళు తెరిచి, మంచినీళ్ళడిగాడు.

"బత్కిండు గదన్నా."

"కట్టినంక ఎర్కైంది. తీస్తమన్నరు, తియ్యలే. పొద్దున లేస్తే నాకు ఎదురుంగ గిదే. షట్టర్ తియ్యబుద్ధి అయితలేదు."

కండక్టరమ్మ బస్సు ఎందుకు ఆపలేదో హీర్యాకు అప్పుడు అర్థమైంది. నిన్న తిట్టుకున్న తిట్లు గుర్తొచ్చి, వెళ్ళిపోయిన బస్సు దారికేసి కాసేపు అలా చూస్తూ నిలబడ్డాడు.

మరిపెడలో గోలీలు కొన్నాక నేరుగా గోవర్ధన్ ఇంటికి వెళ్ళాడు. ఆ ఇల్లు అతనికి కొత్త కాదు. అతని తండ్రి అక్కడ పాలేరుగా జీతమున్నాడు. అతనూ చిన్నప్పుడు ఆ దొడ్లో పేడ ఎత్తాడు. ఇప్పుడు గోవర్ధన్ మండలంలో పోరాట కమిటీ పెద్ద. వరండాలో జెండాలు కట్టలు కట్టి ఉన్నాయి. సకల జనుల సమ్మె నాటి గులాబీ కండువాలు తీగ మీద ఆరేసి ఉన్నాయి.

"రా హీర్యా. పిలగాడు మంచిగున్నడా?"

"బత్కిండు పటేలా."

"దేవుని దయ. నాకైతే నాలుగొద్దులు ముద్ద దిగలే." గోవర్ధన్ లోపలికి కేక వేసి చాయ్ చెప్పాడు. ఆయనకు పింగాణీ కప్పులో, హీర్యాకు ప్లాస్టిక్ గ్లాసులో వచ్చింది. వేడికి గ్లాసు మెత్తబడి వేళ్ళ మధ్య వంగిపోయింది.

"స్టేజీ కాడ ఫ్లెక్సీ ఉన్నది పటేలా."

"అదా? పోరగాండ్ల తొందర. దవాఖానకెల్లి ఎవడో ఫోన్ చేసి, ఆశ లేదన్నడట. ఈళ్ళు అయిపోయిందనుకున్నరు. దుఃఖంల కొట్టించిన్రు. తప్పువట్టకు."

"తియ్యలే ఇంక."

"తీపిస్త. ఆయితారం సభ కానియ్." గోవర్ధన్ కుర్చీ ముందుకు జరిపాడు. గొంతు తగ్గించాడు. "సభకు వాణ్ణి నేనే జీపుల తీస్కపోత. చావును గెల్చొచ్చిన బిడ్డ అని పెద్దలు శాలువ కప్పుతరు. వాడు రెండు ముక్కలు చెప్తే చాలు. తెలంగాణ కోసమే చేసిన అని. అబద్ధమైతే గాదు గదా?"

"తెల్వది పటేలా. వాడేం చెప్పలే."

"చెప్పకుంటే జనం ఏమనుకుంటరు? పరీక్షలు తప్పిండంటరు. పోరి యవ్వారమంటరు. దేంట్ల ఇజ్జత్ ఉన్నదో నువ్వే చెప్పు."

 ఇజ్జత్ అన్న మాట దారి పొడుగునా హీర్యా వెంట నడిచింది. దవాఖానలో పక్క మంచాల వాళ్ళు తమను చూసి గుసగుసలాడుకోవడం గుర్తొచ్చింది. శాలువా కప్పించుకున్న కొడుకును ఎవరూ అలా చూడరు. పటేల్ మాట వింటే తప్పేమిటి? ఇన్నేళ్ళు విన్నదే కదా.

కల్లంలో మొదటి కోత మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. హరీశ్ ఒక పక్కన కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాడు. రంగు పోయి తెల్లబారిన కాయను తీసి బుట్టలో వేయడం, ఎర్రకాయను కుప్పలోనే ఉంచడం. పిల్లవాడి చెయ్యి ఒక్కొక్క కాయ దగ్గర ఆగుతోంది. సగం ఎరుపు, సగం తెలుపు ఉన్న కాయను తిప్పి తిప్పి చూసి, ఎటు వేయాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంటున్నాడు. అతని ఒడి అలాంటి కాయలతో నిండింది.

హీర్యా తల్లి నీలి ముసలిది. చూపు తగ్గినా నోరు తగ్గలేదు. మనవడికి ఎదురుగా కూర్చుని, కాయలు ఏరుతున్నట్టు నటిస్తూ పొగాకు నములుతోంది. ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడుతుండడం ఆమెకు నచ్చలేదు.

"ఏంరా హరీశ్యా, స్టేజీ కాడ ఫోటోల దొరబిడ్డ లెక్క ఉన్నవట? అంగడికి పోయినోళ్ళంత చెప్తున్నరు. నాది గూడ అట్ల ఒకటి కొట్టియ్యిరా. నేను సచ్చినంక కడ్తే నాకేం కనవడ్తది? ఇప్పుడే కట్టు, చూస్కుంట."

కమ్లీ చేతిలో చాట ఆగిపోయింది. హరీశ్ తలెత్తాడు. "ఏం ఫోటో?"

 చివరకు హీర్యానే చెప్పాడు. గోర్ భాషలో, తమ ఇంటి మాటల్లో చెప్పాడు. అమరవీరుడు అన్న ముక్కకు ఆ భాషలో మాట దొరకక తెలుగులోనే అన్నాడు.

హరీశ్ చాలాసేపు మిరపకాయల వంకే చూశాడు. "తెల్లంగి ఏస్కున్ననా?"

"ఆఁ."

"అది నా దోస్తు సుభాష్ అంగి. జనగామ సభకు పోయిన్నాడు ఏస్కున్న." తర్వాత తండ్రిని అడిగాడు. "బా, పటేల్ ఫోటో ఉన్నదా?"

"ఉన్నది."

"పెద్దగున్నదా?"

"నీకన్న పెద్దగున్నది."

హరీశ్ నవ్వాడు. దవాఖాన నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. కానీ అది ముఖం మీద నిలవలేదు. చేతిలో కాయ తొడిమ తుంచుతూ, తనలో తను అనుకుంటున్నట్టు మాట్లాడాడు.

"నువ్వే పొమ్మన్నవ్ గద బా. నేను తింటలేను, మాట్లాడ్తలేనని. పటేల్ పెద్దమనిషి, పోయి చెప్పుకో, ఏదన్న తొవ్వ చూపిస్తడన్నవ్."

"అన్న."

"చెప్పుకున్న. జనగామకు పోయిన్నాడు, డయాస్ ఎన్క. నిద్ర పడ్తలేదు సార్ అన్న. సమ్మెల కాలేజీ బందై రెండు పేపర్లు ఆగినయ్, రూముల పోరలు నా మాట ఎక్కిరిస్తరు, ఎవలతోని కలువబుద్ధి అయితలేదన్న. పొద్దుగాల లేస్తే ఛాతీ మీద బండ వెట్టినట్టుంటది, బత్కబుద్ధి అయితలేదు సార్ అన్న." హరీశ్ తొడిమను కింద పడేశాడు. "అన్ని ఇన్నడు. ఇని, ఆ ఒక్క ముక్కనే పట్టుకున్నడు. నా భుజం మీద కొట్టి, నీ అసొంటోళ్ళతోనే తెలంగాణ వస్తదిరా అన్నడు. గిదే మాట మైకుల చెప్పు అన్నడు. చెప్పిన. తెలంగాణ రాకుంటే బత్కనని చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిన్రు. అగో, అప్పుడు తీసిన ఫోటో అది."

కమ్లీ చాట కింద పెట్టి, కొడుకు వెనక వచ్చి కూర్చుంది. హరీశ్ తల్లి వైపు తిరిగాడు.

"మా కాలేజీల వివేక్ పోయినప్పుడు గూడ గంతే యాడీ. వాడు బతికున్నన్నొద్దులు వాని పక్కన కూసున్నోడు లేడు. పోయినంక ఊరంత ఏడ్సింది. నాక్గూడ అట్ల ఎవలన్న..." హరీశ్ ఆపేశాడు. "చప్పట్లు కొట్టినంక, ఒక్కలన్న ఎనక్కొచ్చి, ఏమైందిరా నీకని అడుగుతరనుకున్న. జీపు ఎక్కినంక గూడ చూసిన. అందరు పాటలు పాడుకుంట వచ్చిన్రు."

నీలి పొగాకు ఉమ్మేసింది. మనవడి ఒళ్ళోంచి సగం ఎర్రని కాయ ఒకటి తీసి ఎర్రకాయల కుప్పలో వేసింది. "గిది గూడ కారమే అయితదిరా" అంది. 

హీర్యా లేచి తోటలోకి వెళ్ళాడు. మిరప చాళ్ళ మధ్య నిలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మునుగుతున్న పిల్లవాణ్ణి నమ్మి ఒకరి చేతికి అందించాడు. ఆ చెయ్యి వాణ్ణి ఒడ్డుకు లాగలేదు. ఇన్నేళ్ళు ఆ ఇంటి గడపలో వంచిన నడుము ఇప్పుడు నొప్పి పెట్టినట్టయింది.

ఆదివారం తెల్లవారగానే అతను స్టేజీ దగ్గర ఉన్నాడు. సోమనర్సయ్య అడగకముందే ఉల్లిగడ్డలు కోసే కత్తి ఇచ్చాడు. బల్ల తెచ్చి గడ కింద వేసి, అది కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఎవలన్న అడుగుతే?" అన్నాడు హీర్యా. "గాలికి పోయిందని చెప్త. నిన్న మస్తు గాలి" అన్నాడు సోమనర్సయ్య. నిన్న ఆకు కూడా కదలలేదు.

హీర్యా దాన్ని చింపలేదు. తాళ్ళు కోసి, మడిచి, చంకలో పెట్టుకుని తెచ్చాడు. కల్లంలో తెల్లవైపు పైకి వచ్చేట్టు తిరగేసి పరిచాడు. మూలల్లో రాళ్ళు పెట్టి, ఆరుతున్న కాయలు దాని మీదికి ఎత్తిపోసి, కాలితో పలచగా నెరిపాడు. మట్టి అంటకుండా ఆరబెట్టుకోవడానికి ఈసారి పట్టా కొనాల్సిన పని తప్పింది.

పొద్దెక్కాక జీపు వచ్చింది. గోవర్ధన్ దిగాడు. వెనక సీట్లోంచి హరీశ్ స్నేహితుడు సుభాష్ దిగాడు. అతని చేతిలో మడత నలగని కొత్త కండువా ఉంది. మిరప ఘాటుకు ఇద్దరూ వరసగా తుమ్మారు.

"తయారైండా పిలగాడు?" గోవర్ధన్ ముక్కు తుడుచుకుంటూ అడిగాడు. తర్వాత అతని కళ్ళు కిందికి దిగాయి. గాలికి ఒక మూల లేచింది. జోడించిన చేతులు, వాటి పైన సగం ముఖం కనబడ్డాయి. "అరె, స్టేజీ కాడ లేకపాయె అనుకున్న. గిది ఫ్లెక్సీ గదా!"

"అవ్ పటేలా."

"నా ఫోటో ఉన్నదిరా దాని మీద."

"మీద లేదు పటేలా, కిందున్నది. పైకుంటే కాయలకు రంగు అంటది."

నీలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోవర్ధన్ ముఖం మిరపకాయల రంగుకు వచ్చింది. అయినా గొంతు మెత్తగానే ఉంచాడు. "సరే, తియ్. జనం కూసున్నరు. పెద్దలొచ్చిన్రు. హరీశ్, రా బిడ్డా, జీపెక్కు."

హరీశ్ లేవలేదు. చేతిలోని కాయ చేతిలోనే ఉంది. హీర్యా కొడుక్కీ జీపుకూ మధ్యకు వచ్చి నిలబడ్డాడు. ఆ మనిషి ముందు తను చేతులు కట్టుకోలేదని అతనికే తెలియలేదు.

"రాడు పటేలా."

"ఎందుకు రాడు?"

"వాడు నీకొకపారి చెప్పిండు. ఇంక చెప్పడు."

 గోవర్ధన్ హరీశ్ వైపు చూడబోయి, చూపు మధ్యలోనే సుభాష్ వైపు తిప్పుకున్నాడు. "తెలంగాణ అంటే ప్రేమ లేనోళ్ళు" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

"తెలంగాణ వచ్చిన్నాడు చూసేటందుకు మా ఇంట్ల గూడ ఒకడుండాలె పటేలా" అంది కమ్లీ.

జీపు తిరిగింది. సుభాష్ ఎక్కలేదు. గోవర్ధన్ హారన్ కొట్టించాడు. సుభాష్ కండువాను జేబులో కుక్కుకుని, అక్కడే నిలబడ్డాడు. జీపు దుమ్ము అణిగేదాకా ఆగి, హరీశ్ పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "తమాషకు అన్నవనుకున్నరా. అంగి గూడ నేనే ఇస్తి" అన్నాడు.  హరీశ్ తాలుకాయల బుట్టను ఇద్దరికీ మధ్యకు జరిపాడు. సుభాష్ ఏరడం మొదలుపెట్టాడు. ఘాటుకో దేనికో అతని కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోబోతే, "కారం చేతుల్తోని తుడ్సుకోకు" అన్నాడు హరీశ్.

సాయంత్రం సుభాష్ వెళ్ళిపోయాడు. మంచు పడకముందే కాయలను దగ్గరికి లాగి కప్పాలి. తండ్రీ కొడుకులు చెరో వైపు నుంచి కుప్ప చేస్తున్నారు. ఎండిన కాయలు గలగలమంటున్నాయి. మధ్యకు వచ్చేసరికి ఇద్దరి తలలూ దగ్గరయ్యాయి. హీర్యా నోరు తెరిచాడు. అన్నం మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"బిడ్డా, నీకింక సావాలనిపిస్తుందా?"

హరీశ్ చేతులు ఆగాయి. తండ్రి అలాంటి మాట అంటాడని వాడు ఎప్పుడూ అనుకోలేదు. 

"అనిపిస్తది బా. రోజంత గాదు." వాడు కుప్ప మీద పాత పట్టా లాగాడు. "పొద్దుగాల. కండ్లు తెరిసినప్పుడు. ఇప్పుడైతే లేదు."

హీర్యా ఏడవలేదు. అట్లనొద్దు బిడ్డా అనలేదు. పట్టా అంచు మీద రాయి పెట్టాడు. ఇంకో రాయి తెచ్చి పెట్టాడు.

"పొద్దుగాల్నా? అయితే పొద్దుగాల నన్ను లేపు. కాయలు నెరిపేది ఉంటది గదా. ఇద్దరం పోదాం. దవాఖానకు పోయిన్నాడు డాక్టరమ్మకు గూడ గిదే చెప్దాం."

"నువ్వు పండుకుంటే లేవవు."

"లేస్త. లేపి చూడు."

ఆ రాత్రి కూడా గడపలోనే పడుకున్నాడు. నిద్ర పట్టీ పట్టకుండానే కోడి కూసింది. చూరు కింద నల్లదనం పలచబడింది. మంచం కిర్రుమంది. హీర్యా కళ్ళు మూసుకునే ఉన్నాడు. మంచం మీద పిల్లవాడు లేచి కూర్చున్నాడు. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. ఊపిరి బరువుగా వినబడుతోంది. లేచి వెళ్ళి పట్టుకోవాలని హీర్యా ఒళ్ళంతా లాగింది. కదల్లేదు. పిడికిలి బిగించి, నిద్రపోతున్నవాడిలా గురక తీశాడు.

కాళ్ళ చప్పుడు దగ్గరికి వచ్చింది. అతని భుజం మీద చల్లని చెయ్యి పడింది.

"బా. లే."

హీర్యా వెంటనే లేవలేదు. ఇంకోసారి కుదపనిచ్చి, అప్పుడు కళ్ళు నులుముకుంటూ లేచాడు.